గుడి పక్కన మడిగెలు, పైన ఫ్లాట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత కట్టడాల చుట్టుపక్కల స్థలం ఉన్నవారి నుంచి ఈమధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. కింద దుకాణాలు, పైన ఇళ్లు అన్న ఆలోచనే దాదాపు అందరిదీ. ఒకరి ప్రశ్న మరొకరికీ పనికొచ్చేలా నాలుగు ఉత్తరాలు ఎంచి, కాస్త వివరంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: హనుమకొండలో మాకు 640 గజాల స్థలం, అందులో పాత బియ్యం గోదాము ఉన్నాయి. గోదాము తీసేసి కింద మడిగెలు, పైన మూడంతస్తుల్లో ఫ్లాట్లు కట్టాలని అన్నదమ్ములం అనుకున్నాం. వెయ్యి స్తంభాల గుడి నుంచి ఫోన్‌లో కొలిస్తే 118 మీటర్లు వచ్చింది. వంద దాటింది కాబట్టి ఇబ్బంది లేదని ఇంజనీరు అంటున్నాడు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అప్పుడే నమ్మకండి. ఆ లెక్కలో రెండు పొరపాట్లున్నాయి.

మొదటిది, కొలత ఎక్కణ్ణుంచి అన్నది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 1958 నాటి చట్టం, దానికి 2010లో చేసిన సవరణ వర్తిస్తాయి. రక్షిత హద్దు నుంచి అన్ని దిక్కులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. అక్కణ్ణుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రక్షిత హద్దు అంటే గుడి గోడ కాదు, నోటిఫికేషన్‌లో చూపిన సరిహద్దు. ఆ హద్దు గుడి నుంచి 25 మీటర్లు మీ వైపు వచ్చి ఉంటే మీ 118 కాస్తా 93 అవుతుంది. కొలత చేరాల్సింది కూడా మీ గేటు దాకా కాదు, మీ స్థలంలో గుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న మూల దాకా.

అందుకని ప్లాను గీయించే ముందు హైదరాబాద్‌లోని పురావస్తు శాఖ సర్కిల్ కార్యాలయంలో రక్షిత హద్దుల పటం అడిగి చూడండి. సర్వేయరుతో టోటల్ స్టేషన్ (దూరాలు కచ్చితంగా కొలిచే యంత్రం) పెట్టించి మీ స్థలం నాలుగు మూలలూ గుర్తించి, 100 మీటర్ల గీత, 300 మీటర్ల గీత రెండూ సైటు ప్లాను మీద వేయించండి. వంద మీటర్ల గీత మీ స్థలం మధ్యలోంచి పోతే అంతా పోయినట్టు కాదు. గీతకు గుడి వైపున్న ముక్కలో మాత్రం కొత్తగా ఏమీ లేవకూడదు. వాచ్‌మన్ గది, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, మరుగుదొడ్డి, అన్నీ నిర్మాణం కిందికే వస్తాయి. మున్సిపాలిటీకి ఎలాగూ వదలాల్సిన సెట్‌బ్యాక్, బయటి పార్కింగ్ ఆ ముక్కలో పడేలా బిల్డింగును వెనక్కి జరిపితే నష్టం చాలావరకు తగ్గుతుంది.

రెండో పొరపాటు, వంద దాటితే స్వేచ్ఛ అనుకోవడం. 100 నుంచి 300 మధ్య కట్టాలన్నా జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాల్సిందే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేస్తారు. సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు, సైటు ప్లాను, ప్రతి అంతస్తు ప్లాను, ఎలివేషన్ (బిల్డింగు ముఖచిత్రం), సెక్షన్ (నిలువుకోత చిత్రం), స్థలం ఫోటోలు, దూరం చూపే ఉపగ్రహ చిత్రం జతచేయాలి. చట్టం ప్రకారం సమర్థ అధికారి (దరఖాస్తులు తీసుకునేందుకు నియమించిన అధికారి) 15 రోజుల్లో దాన్ని ప్రాధికార సంస్థకు పంపాలి. సంస్థ రెండు నెలల్లో తన మాట చెప్పాలి. అది అందిన నెలలోపు సమర్థ అధికారి అనుమతి ఇవ్వాలి లేదా కాదనాలి. అంటే కాగితాలన్నీ సరిగా ఉన్నా నాలుగు నెలల దాకా పట్టవచ్చు. సెక్షన్‌లో ఒక ఎత్తు, ఎలివేషన్‌లో ఇంకో ఎత్తు ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది, లెక్క మళ్ళీ మొదటికి. ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మున్సిపల్ పర్మిషన్‌కు వెళ్ళండి. అనుమతి లేకుండా మొదలుపెడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక ఎత్తు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మున్సిపల్ లెక్కలో పిట్టగోడ, మెట్ల గది, లిఫ్టు గది, ట్యాంకు ఎత్తులోకి రావన్న అలవాటుతో ఇంజనీర్లు గీస్తారు. ఎన్‌ఓసీలో ఇచ్చే ఎత్తు ఇవన్నీ కలిపి. మీ ప్లానుకే లెక్క వేద్దాం. అరుగు 0.45 మీటర్లు, మడిగెల అంతస్తు 3.90, పైన మూడంతస్తులు ఒక్కోటి 3.05. శ్లాబు దాకానే 13.50 అయింది. మెట్ల గది 2.40 కలిపితే 15.90. దాని నెత్తిన ట్యాంకు 1.50 పెడితే 17.40. మీకు 15 మీటర్లు ఇచ్చారనుకోండి, రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు ఎక్కువ.

తగ్గించుకునే దారులున్నాయి. ట్యాంకు నెత్తిన వద్దు. నేలలో సంపు, దానికి ప్రెషర్ పంపు చాలు. కరెంటు పోతే నీళ్ళు ఆగకుండా పంపుకు జనరేటర్ లైను ఇవ్వాలి. లిఫ్టు టెర్రస్ దాకా కాకుండా చివరి అంతస్తులోనే ఆగితే, మెషీన్ రూమ్ లేని రకానికి ఆ అంతస్తు నేల నుంచి 4.2 మీటర్ల చొప్పున తీసుకున్నా టెర్రస్ పైకి వచ్చేది మీటరు పైచిలుకే. పిట్టగోడతో సమానంగా సర్దుకుంటుంది. ఇంతచేసినా మెట్ల గది 15.90 దగ్గరే ఉంది. అంతస్తులు 2.90కి, మడిగె 3.60కి దించితే 15.15. ఇంకో 15 సెంటీమీటర్లు మెట్ల గదిలో కొరికితే సరిగ్గా 15.00 వస్తుంది. అలా మాత్రం చేయకండి. రోడ్డు మళ్ళీ వేశారనీ, డ్రైనేజీ వాలు కుదరలేదనీ మేస్త్రి అరుగు ఒక అడుగు లేపితే పై అంతస్తు అంతా చట్ట విరుద్ధమైపోతుంది. కనీసం 30 సెంటీమీటర్లు చేతిలో ఉంచుకోండి. పదిహేనే ఇస్తే ఒక అంతస్తు వదులుకుని, మిగిలిన రెండు అంతస్తులకూ మడిగెలకూ హాయైన ఎత్తు ఇవ్వమన్నది మా సలహా. ఇరుకు మడిగెకు అద్దె కూడా ఇరుగ్గానే వస్తుంది.

640 గజాలంటే 535 చదరపు మీటర్లు. 500 దాటింది కాబట్టి, ఫ్లాట్లు అమ్మే ఉద్దేశం ఉంటే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన బోర్డు కూడా పెట్టకూడదు.

ప్రశ్న: చార్మినార్ దగ్గర లాడ్‌బజార్ సందులో మా తాతగారి రెండంతస్తుల ఇల్లుంది. చార్మినార్‌కు వంద మీటర్ల లోపే. గోడలు బీటలిచ్చాయి. మొత్తం కూల్చి, అదే కొలతల్లో మళ్ళీ కట్టి కింద గాజుల దుకాణాలు, పైన లాడ్జి పెడితే తప్పేమిటి? పాతదే కదా మళ్ళీ కడుతున్నాం.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, దయచేసి కూల్చకండి. ఈ సంచికలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇదే గుర్తుపెట్టుకోండి.

పాత కొలతల్లోనే మళ్ళీ కట్టడాన్ని చట్టం పునర్నిర్మాణం అంటుంది. నిషిద్ధ ప్రాంతంలో సొంతదారుకు అవకాశమున్నది మరమ్మతుకూ నవీకరణకూ మాత్రమే, పునర్నిర్మాణానికి కాదు. ఆ మరమ్మతుకైనా ఎన్‌ఓసీ కావాలి. పైగా ఇల్లు 1992 జూన్ 16కు ముందే ఉన్నదై ఉండాలి, లేదా ఆ తరవాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ అనుమతితో కట్టినదై ఉండాలి. గోడలు నేలమట్టమయ్యాయంటే మరమ్మతు చేయడానికి ఏమీ మిగలదు. కోట్ల విలువైన నేల ఖాళీగా పడి ఉంటుంది.

కాబట్టి మొదట రుజువులు కూడబెట్టండి. 1992కు ముందరి ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఇంటి వర్ణన ఉన్న రిజిస్టర్డ్ దస్తావేజు, తేదీ తెలిసే పెళ్లి ఫోటోలో వెనక కనిపించే మీ ఇంటి ముఖభాగమైనా సరే. తరవాత స్ట్రక్చరల్ ఇంజనీరుతో ఇల్లు చూపించండి. వానాకాలంలో శిథిల భవనమని మున్సిపల్ నోటీసు అంటిస్తే కంగారుపడి గోడలు దింపేసినవాళ్ళున్నారు. నోటీసు వస్తే వెంటనే ఇనుప జాకీలతో, గొట్టాలతో ఊతమిప్పించి, ఊతం పెట్టామని ఇంజనీరు ధ్రువపత్రంతో జవాబివ్వండి.

ఈ వయసు ఇళ్లలో చెడేది ముందుగా ఇనుప దూలాల చివరలు. గోడలో దూరి ఉన్న అడుగు, అడుగున్నర మేర తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకే గోడ చీలుతుంది. నడిమి భాగం నిగనిగలాడుతూ ఉంటే అంతా బాగుందనుకుంటారు. గోడ దగ్గర గచ్చు తవ్వి చూస్తే గాని అసలు సంగతి తెలియదు. రెండో శత్రువు, తరవాత పూసిన సిమెంటు. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతూ బతుకుతుంది. పైన సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, రాయీ ఇటుకా పొడిపొడిగా రాలతాయి. ఆ సిమెంటు ఒలిపించండి. సందుల్ని అంగుళం లోతున గీకి, తడిపి, గానుగలో నూరిన డంగు సున్నంతో నింపాలి. సున్నం ఒక పాలు, సుర్ఖీ (ఇటుక పొడి) ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు. పూత ఒక్కో వరస అర అంగుళం మించకూడదు. ఒక్కో వరసను కనీసం వారం రోజులు తడి గోనెతో కప్పి ఉంచాలి. రోజులో ముగించేద్దామనే మేస్త్రికి ఈ పని ఇవ్వకండి.

లాడ్జి సంగతికొస్తే, ఆలోచన చెడ్డదేమీ కాదు. ఇల్లు ఉన్న ఆకారంలోనే వాడకం మారుతుంది. మున్సిపాలిటీ నుంచి వాడకం మార్పు అనుమతి, ఫైర్ శాఖ మాట తప్పవు. బరువు లెక్క మాత్రం చూసుకోండి. నివాసపు గచ్చును చదరపు మీటరుకు 200 కిలోల బరువుకు లెక్కిస్తారు. దుకాణానికి 400. నిల్వ గదికి ఇంకా ఎక్కువ. కింద గాజుల కొట్టు, పైన గదులు పెడితే ఇల్లు మోస్తుంది. పైన గాజుల పెట్టెల గోదాము పెట్టారా, ఆ దూలాలు తట్టుకోవు. అద్దె ఒప్పందంలోనే పై అంతస్తులో సరుకు నిల్వ కూడదని రాయించండి.

ప్రశ్న: విజయవాడ మొగల్రాజపురంలో గుహలకు 160 మీటర్ల దూరంలో స్థలం ఉంది. దుకాణాలకు, ఆఫీసులకు పార్కింగ్ కోసం రెండు సెల్లార్లు తవ్వాలి. కింద రాయి తగులుతుందంటున్నారు. గుహలు రాతిలో తొలిచినవే కాబట్టి వాటికేం కాదని కాంట్రాక్టరు ధీమా.
– ఒక బిల్డరు, విజయవాడ

జవాబు: కాంట్రాక్టరు ధీమా తలకిందులుగా ఉంది. ఇటుక గోడ చీలితే కట్టవచ్చు. రాతిలో తొలిచిన ద్వారపాలకుడి ముక్క ఊడితే తిరిగి రాదు. అదురు రాతిలో మట్టిలోకన్నా దూరం పోతుంది కూడా.

మీ స్థలం నియంత్రిత ప్రాంతంలోకి వస్తుంది. అమరావతి సర్కిల్‌లో హద్దులు నిర్ధారించుకుని దరఖాస్తులో సెల్లార్ లోతు, తవ్వే పద్ధతి రెండూ రాయండి. చాలామంది పై ఎత్తు రాసి కింది లోతు వదిలేస్తారు.

పేలుళ్ల మాట ఎత్తకండి. గనుల భద్రతా శాఖ 1997లో పేలుళ్లకు పెట్టిన పరిమితుల్లో చారిత్రక కట్టడాలవి అన్నిటికన్నా కఠినమైనవి. అదురు పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో) 8 హెర్ట్జ్‌లోపు ఉంటే నేల కదిలే వేగం సెకనుకు 2 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 దాకా 5, ఆ పైన 10. హైడ్రాలిక్ బ్రేకర్ పెట్టినా సరే, పరిమితికి ఎంత దగ్గరలో ఉన్నారో యంత్రం పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది. మా సలహా ఇది. స్థలం అంచు వెంట దగ్గరదగ్గరగా రంధ్రాలు వేసి రాతిని ముందు విడదీయండి. తరవాత డైమండ్ వైర్ కోత గానీ, రంధ్రాల్లో ఉబ్బే రసాయన పొడి గానీ వాడండి. బ్రేకర్‌ను మిగిలిన చిన్న దిమ్మెలకే పెట్టండి. గుహల వైపు హద్దులో వైబ్రేషన్ మీటరు ఒకటి పని రోజులన్నిటా నడవాలి. పరిమితిలో 70 శాతం చేరితే పని ఆపాలన్న నిబంధన కాంట్రాక్టులో ఉండాలి. పని మొదలుకాక ముందే చుట్టూ ఇళ్ల గోడల ఫోటోలు తేదీతో తీయించి, ఉన్న పగుళ్లకు అద్దం బిళ్లలు అతికించండి. రేపు ఎవరైనా మీ వల్లే పగిలిందంటే జవాబుకు అదే ఆధారం. పునాదికి పైల్స్ అవసరమైతే బోరు వేసి పోసేవే, దిమ్మెతో కొట్టేవి వద్దు.

నీటి సంగతి హనుమకొండ పాఠకుడికీ వర్తిస్తుంది. కాకతీయులు గుళ్లకు ఇసుక నింపిన పునాదులు వాడారు. 1163 నాటి వెయ్యి స్తంభాల గుడికీ, రామప్పకూ ఆ పద్ధతే. ఇసుక చుట్టూ కదలకుండా బిగువుగా ఉన్నంతకాలం అది ఎంతో గట్టిది. పక్కనెక్కడో సెల్లార్ గుంటలో నెలల తరబడి మోటారు పెట్టి నీళ్ళు తోడితే, నీటితో పాటు సన్నని రేణువులు జారిపోయి ఇసుక కుదించుకుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఒక్క సెల్లారుతో సరిపెట్టుకోండి. గుంట గోడలకు నీరు రాని అడ్డుకట్ట వేశాకే తవ్వండి. చుట్టూ రెండు మూడు పరిశీలన బోర్లు వేసి నీటిమట్టం వారం వారం రాసుకోండి. మట్టం పడిపోతుంటే తోడడం ఆపాల్సిందే. కార్లు మిగిలితే యాంత్రిక పార్కింగ్ పెట్టుకోవచ్చు.

తవ్వేటప్పుడు పాత రాతి ముక్కో, నాణేల కుండో బయటపడితే పని ఆపి కలెక్టరుకు తెలపాలి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే చెప్పాలన్న 1878 నాటి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. చెబితే పని ఆగిపోతుందని దాచిపెట్టిస్తారు కొందరు. అది ఊరి చరిత్రను చెత్త లారీలో పంపడం. దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న: మొజంజాహీ మార్కెట్‌కు దగ్గర్లో 1,800 గజాల పాత ప్రింటింగ్ ప్రెస్ స్థలం ముగ్గురం కలిసి కొన్నాం. షాపులు, హోటల్, ఫంక్షన్ హాల్, ఫ్లాట్లు, అన్నీ ఒకే బిల్డింగులో పెడదామని ఒకరు, రోడ్డు వైపంతా అద్దాలతో మాల్ కడదామని ఇంకొకరు. మా భాగస్వాముల్లో ఒకరు అమెరికాలో ఉంటారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొజంజాహీ మార్కెట్ కేంద్ర రక్షిత కట్టడం కాదు, కాబట్టి వంద, మూడువందల మీటర్ల లెక్క దానివల్ల రాదు. అంతమాత్రాన పక్కన ఏదైనా కట్టవచ్చని కాదు. రాష్ట్రంలో 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. మీ ప్రెస్ భవనమే వారసత్వ జాబితాలో ఉందేమో కూల్చే ముందు చూసుకోండి. జాబితాలో లేకపోయినా రాతి ముఖభాగం బాగుంటే ఉంచమనే చెబుతాం.

అద్దాల మాల్ మాకు నచ్చలేదు. 1935లో గ్రానైటుతో కట్టిన ఆ మార్కెట్ అందమంతా ఎండలో రాతి మీద పడే నీడల్లో ఉంది. ఎదురుగా అద్దం పెడితే పడమటి ఎండ దాని మీదికి తిరగ్గొడుతుంది, మీ ఏసీ బిల్లూ పెరుగుతుంది. ఇక్కడికి దగ్గర్లోనే మీకు పనికొచ్చే నమూనా ఉంది. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టిన పత్తర్‌గట్టీ. రాతి కమాన్ల వరస, వెనక వరండా, కింద దుకాణాలు, పైన నివాసాలు. ఒక సాయంత్రం టేపు తీసుకుని వెళ్ళి ఒక్క కమాను వెడల్పు, వరండా లోతు, బోర్డు పెట్టిన చోటు కొలిచి రండి. మీ ముఖభాగానికి కొలమానం అక్కడే దొరుకుతుంది. అలాంటి వరండా ఇస్తే ఎండవేళా వానవేళా జనం దుకాణం ముందు నిలబడతారు.

ఏవి కలపాలన్నది మేం ఇలా చూస్తాం. ఫంక్షన్ హాల్ తీసేయండి. పెళ్లి రాత్రి పన్నెండింటికి బ్యాండు మోగితే పైన ఫ్లాట్లు ఎవరు కొంటారు? ఫైర్ నిబంధనలూ దానికి గట్టివే. జనం గుమిగూడే కట్టడానికి 500 చదరపు మీటర్ల స్థలమైనా, 6 మీటర్ల ఎత్తు దాటినా ఫైర్ శాఖ ఎన్‌ఓసీ కావాలి. వాణిజ్యానికైతే 15 మీటర్ల ఎత్తు నుంచి, నివాసానికైతే 18 మీటర్ల నుంచి. కలిపి కడితే తక్కువ హద్దునే లెక్కలో పెట్టుకుని గీయండి. హోటల్ పెట్టవచ్చు గానీ వంటగది పొగ గొట్టానికి టెర్రస్ దాకా సొంత షాఫ్టు ప్లానులోనే ఉండాలి. అద్దెకొచ్చినవాడు తరవాత గోడకు బిగించుకుంటాడులే అని వదిలితే ఆ పొగ రెండో అంతస్తు పడకగదిలోకే వెళుతుంది. ఫ్లాట్లకు వేరే గేటు, వేరే మెట్లు, వేరే లిఫ్టు ఇవ్వండి. పై మెట్లు నేరుగా సెల్లార్‌లోకి దిగకూడదు. కింద నిప్పంటుకుంటే పొగ ఆ దారినే పైకి పోతుంది.

స్తంభాల వరస మీదే సగం గెలుపు. ఒక కారుకు 2.5 మీటర్లు, రెండు స్తంభాల మధ్య మూడు కార్లు పట్టాలంటే 7.5 మీటర్లు ఖాళీ ఉండాలి. స్తంభం మధ్య నుంచి మధ్యకు 8 మీటర్లు పెట్టుకోండి. పైన అదే 8 మీటర్లు రెండు గదులుగా సరిపోతుంది, కింద రెండు చిన్న దుకాణాలవుతుంది. ఇళ్ల ప్లాను ఒకలా, పార్కింగ్ ఒకలా గీసి మధ్యలో పెద్ద దూలాలతో అతికిస్తే ఆ దూలమే మీటరు ఎత్తు మింగుతుంది. ఫ్లాట్ల బాత్‌రూములు దుకాణాల నెత్తిన రాకుండా నడవాల మీదికి చేర్చండి. కారిన మొదటి వానాకాలమే అద్దెదారుతో తగాదా మొదలవుతుంది.

జీఎస్టీలో 15 శాతం గీత గుర్తుంచుకోండి. మొత్తం కార్పెట్ ఏరియాలో (గోడల లోపల వాడుకునే నేలలో) దుకాణాలు 15 శాతం మించకపోతే ప్రాజెక్టు మొత్తం నివాస ప్రాజెక్టు కిందికి వస్తుంది. నిర్మాణంలో ఉండగా అమ్మే దుకాణానికి ఇన్‌పుట్ క్రెడిట్ (సామాన్ల మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం పడుతుంది. మించితే ఆ దుకాణాలకు 12 శాతం, క్రెడిట్‌తో. 40,000 చదరపు అడుగుల కార్పెట్‌లో దుకాణాలవి 6,000 అడుగులైతే ఇటువైపు, 6,100 అయితే అటువైపు. ప్లాను ఖాయం చేయకముందే ఆడిటరుకు చూపించండి. ప్లాను రివైజ్ చేసినప్పుడల్లా ఈ లెక్క మళ్ళీ వేయాలి.

అమెరికా భాగస్వామి పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపితే, అది ఇక్కడికి అందిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరు మీది తేదీ కనిపించేలా కవరును కూడా దాచండి. అందులో అమ్మకం, డెవలప్‌మెంట్ ఒప్పందం, ఎన్‌ఓసీ దరఖాస్తు మూడింటికీ విడివిడిగా అధికారం రాయించండి. ఒకటి తగ్గినా కొత్త కాగితం కోసం మళ్ళీ కాన్సులేట్ అపాయింట్‌మెంట్ పట్టాలి.